సర్వస్వామ్య సంకలితం

మహదేవపూర్‌లోని మా ఇంట్లో పోతన భాగవతం పాత ప్రతి ఉంది. అట్ట ఊడింది, అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. రాత్రి అన్నాలయ్యాక అందులోంచి నాలుగు పద్యాలు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాను. అరసున్న పోకూడదు, బండి ఱ మారకూడదు. ఏళ్లుగా ఇదే నా వ్యాపకం.

లోపలి పేజీలో 'సర్వస్వామ్య సంకలితము' అని అచ్చయి ఉంది. మొదట్లో ఆ మాట చూస్తే చెయ్యి ఆగేది. పోతన మన బమ్మెరవాడు, 15వ శతాబ్దపు కవి. ఆయన పద్యం మీద అచ్చువేసినవాళ్లకు హక్కెట్లా వస్తుంది? రాదు. ఆ మాట పద్యం కింద ఉన్న తాత్పర్యానికి, ముందున్న పీఠికకు చెందుతుంది. మా ఊరి దసలిపట్టు నేతా అంతే. విద్య తాతలనాటిది, ఎవరైనా నేర్చుకోవచ్చు. నేసిన చీర మాత్రం నేసినవాళ్లదే. ఇది తెలియక ఒక స్కంధాన్ని తాత్పర్యంతో సహా ఎక్కించాను. తెలిశాక తాత్పర్యమంతా తీసేశాను. అది రాసిన పండితుడి కష్టం.

ఆ హక్కుకూ గడువుంది. 1957 కాపీరైట్ చట్టం రచయిత పోయాక 50 ఏళ్లన్నది. 1992లో దాన్ని 60 చేశారు. లెక్క మరుసటి జనవరి 1 నుంచి. సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు కాబట్టి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 2014 నుంచి అందరిదీ. మహబూబాబాద్ జిల్లా చినగూడూరులో పుట్టిన దాశరథి 1987లో పోయారు. ఆయన పుస్తకాల కోసం 2047 చివరిదాకా ఆగాలి.

ఆగుతాను. రచయిత ఇంటివాళ్లకు నాలుగు రూపాయలు రావడం న్యాయమే. నా బాధ వేరే పుస్తకాల గురించి. రచయిత లేడు, వారసులెవరో తెలియదు, అచ్చువేసిన సంస్థ మూతపడింది. మిగిలిన ఒక్క ప్రతిని చెదలు తింటుంటే గడువు తీరలేదని చూస్తూ కూర్చోవాలా? పోతన భాగవతంలోనే శిథిలమైన భాగాలను గంగన, సింగన, నారయ పూరించారు. వాళ్లు పూనుకోకపోతే మనకు పన్నెండు స్కంధాలూ దక్కేవి కావు. ఎవరు ఏ భాగం రాశారో ఇప్పటికీ వాళ్ల పేర్లతోనే చెప్పుకుంటున్నాం. అలాగే గడువు తీరిన పుస్తకానికైనా రచయిత పేరు తీసేయడం తప్పే.

మీ ఇంట్లో తాతగారో నాయనమ్మో రాసిన పుస్తకముంటే, వారు పోయిన సంవత్సరం మొదటి పేజీలో పెన్సిల్‌తో రాసిపెట్టండి. హక్కులు మీవే అయితే, అందరూ చదువుకోవచ్చని ఒక కాగితం మీద రాసి సంతకం చేయండి.