640 కేబీలో సర్దుబాటు

డాస్ రోజుల్లో కంప్యూటర్లు బాగుచేసినవాళ్ల పనితనం తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ర్యామ్ ఎంతున్నా మామూలు ప్రోగ్రాములకు దక్కేది మొదటి 640 కేబీయే. పై మెమరీని అందించే హైమెమ్.సిస్ లోడ్ కాకపోతే, దాన్ని నమ్ముకున్న మరో మెమరీ డ్రైవర్ ఈఎంఎం386 కూడా మొరాయించేది.

మా ఆఫీసుకు రిపేరుకొచ్చే అబ్బాయి, కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు ఎఫ్8 నొక్కేవాడు. 1993 నాటి ఎంఎస్-డాస్ 6 ఇచ్చిన వరం అది. డాస్ మొదలవుతూ చదివే కాన్ఫిగ్.సిస్‌లో ఒక్కో లైనుకూ అవును, కాదు అంటూ దొంగ లైనును పట్టేవాడు. హైమెమ్ ముందు, ఈఎంఎం386 తర్వాత. ఆ వరుస తప్పితే అంతే. వరుస సరిగ్గానే ఉంటే మూత విప్పి, ర్యామ్ తీసి, కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, టక్కుమనేదాకా నొక్కేవాడు. ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గేవాడు.

ఆఖర్న మెమ్ అని కొట్టి, స్క్రీన్ మావైపు తిప్పేవాడు. "చూడండి సార్, ఇంకో 20 కేబీ మిగిలింది."