సందు తెలిసిన చేయి

మెకానిక్ దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు ఎంతవరకు వచ్చాడో తెలుసుకోవాలంటే, వాడి చేతిలో పానా ఎలా తిరుగుతోందో చూడనక్కర్లేదు. విప్పిన సామాన్లు ఎలా పరిచాడో చూస్తే చాలు. అనంతపురం నుంచి తాడిపత్రి వైపు, గుత్తి వైపు వెళ్లే రోడ్ల పక్కన ట్రాక్టర్లు, లారీలు బాగుచేసే షెడ్డులున్నాయి. మంచి షెడ్డులో ఇంజన్ హెడ్డు దించాక ఒక అట్టపెట్టెను బోర్లించి, దానికి వరసగా రంధ్రాలు పొడిచి, వాల్వులను కదిలించే పుష్‌రాడ్లను ఒక్కోదాన్ని ఒక్కో రంధ్రంలో నిలబెడతారు. మొదటి వాల్వుది మొదటి రంధ్రంలో, ఎనిమిదో వాల్వుది ఎనిమిదో దాంట్లో. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. కానీ వేల గంటలు ఒకే జోడుతో రాసుకుని అరిగిన ఇనుము ఆ జోడుకే అలవాటు పడుతుంది. తారుమారు చేసి బిగిస్తే ఇంజన్ నడుస్తుంది, కానీ అరుగుదల మళ్లీ కొత్తగా మొదలవుతుంది. బండి యజమానికి ఈ వరస కనపడదు, దీనికి ఎవరూ డబ్బు ఇవ్వరు. అయినా ఈ పనితనంలో నాకు మొదట నచ్చేది ఇదే.

ఆ తరువాత కడగడం. కొత్తగా చేరిన వాడికి నెలల తరబడి అప్పజెప్పే పని ఇది. డీజిలు పోసిన బేసిన్, బ్రష్షు, గుడ్డపేలికలు, వెనక నుంచి "ఇంకోసారి కడుగబ్బీ" అనే మాట. బయటివాళ్లకు ఇది వెట్టి పనిలా కనపడుతుంది. కానీ ఈ నేల మీద ఇదే అసలు చదువు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకోవడంతో ఇక్కడ ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల దగ్గరే. వేరుశనగ పీకేశాక ఎర్రనేల బోసిగా మిగులుతుంది. కాయలు ఆడించే మిషన్‌కు తగిలించిన ట్రాక్టరు రోజంతా దుమ్ములోనే నిలబడి తిరుగుతుంది. ఆ దుమ్ములో ఉన్న సన్నటి ఇసుక ఇనుమును కోసేంత గట్టిది. పిడికెడు లోపలికి పోయినా సిలిండరు లైనరు, పిస్టన్ రింగులు గీతలు పడతాయి. ఇంజన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది, గొట్టం నీలిపొగ వదులుతుంది, చివరికి ఖర్చు రైతు మీద పడుతుంది. పంట పోయిన ఏడాదిలో అది మామూలు దెబ్బ కాదు.

పాత ట్రాక్టర్లకు ఉండే ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఈ దుమ్ముకు తగిన ఉపాయం. లోపలికి వచ్చే గాలి అడుగునున్న ఆయిల్ మీద తాకి ఒక్కసారిగా పైకి తిరుగుతుంది. బరువైన దుమ్ము ఆయిల్లో పడిపోతుంది, మిగిలింది తడిసిన జాలికి అంటుకుంటుంది. గిన్నెలో ఆయిల్ గీత దాకానే పోయాలి. తక్కువైతే దుమ్ము ఆగదు, ఎక్కువైతే ఇంజనే దాన్ని లోపలికి లాగేసుకుంటుంది. కాగితం ఫిల్టరుకు ఇంకో పద్ధతి: గాలి ఎప్పుడూ లోపలి నుంచి బయటికే కొట్టాలి, అదీ మెల్లగా. తొందరలో బయటి నుంచి కొడితే దుమ్ము మడతల్లోకి ఇంకా దిగుతుంది. కాగితం చిల్లు పడితే ఫిల్టరు ఉన్నా లేనట్టే. ఇవన్నీ బేసిన్ ముందు కూర్చున్నవాడికే తెలుస్తాయి.

నా మటుకు ఈ విద్యలో నడిమి మెట్టు టాపెట్లు పెట్టడం. వేడెక్కితే ఇనుము సాగుతుంది కాబట్టి వాల్వును నొక్కే రాకరుకూ వాల్వు కొనకూ మధ్య కాస్త సందు వదలాలి. చాలా డీజిల్ ఇంజన్లలో అది 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్ల లోపే. ఎంత వదలాలో, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా వేడిగా ఉన్నప్పుడా అన్నది తయారీదారు పుస్తకంలో ఉంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్లో ఒకటోదాని టాపెట్లు పెట్టాలంటే చూపు నాలుగోదాని మీద ఉండాలి. క్రాంకును చేత్తో తిప్పుతుంటే నాలుగోదాని రాకర్లు రెండూ, ఒకటి లేస్తూ ఒకటి దిగుతూ, ఊగే క్షణం వస్తుంది. సరిగ్గా అప్పుడే ఒకటో సిలిండరు వాల్వులు రెండూ మూసుకుని ఉంటాయి. మూడోది ఊగితే రెండు, రెండోది ఊగితే మూడు, ఒకటోది ఊగితే నాలుగు. జత కలిపితే ఎప్పుడూ అయిదే. బడిలో లెక్కలంటే పారిపోయిన పిల్లలు కూడా ఈ లెక్క మరచిపోరు.

ఆ తరువాత సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకును అందులో పెట్టి లాగాలి. రేకు జారిపోకూడదు, పట్టేయకూడదు. పుస్తకంలో దాచిన నెమలీకను లాగినట్టు కాస్త బిగువుతో రావాలి. ఆ బిగువు ఎంతో ఏ పుస్తకమూ చెప్పలేదు. మేస్త్రి లాగి చూపించి, కుర్రాడి చేతికిచ్చి, మళ్లీ తను లాగి చూస్తాడు. అక్కడితో అయిపోదు. ఎడమచేతిలోని స్క్రూడ్రైవరు సర్దిన స్క్రూను కదలనివ్వకుండా పట్టుకుంటే, కుడిచేతిలోని రింగ్ స్పానరు లాక్‌నట్టును బిగిస్తుంది. బిగిసేటప్పుడు స్క్రూ వెంట్రుకవాసి కూడా తిరిగితే సందు మారిపోతుంది. చేయి తిరిగినవాడు ఆ తేడాను ముందే ఊహించి దానికి తగ్గట్టు వదులుతాడు, బిగించాక మళ్లీ రేకు పెట్టి చూస్తాడు. టకటకమనే టాపెట్ కన్నా చప్పుడు చేయని టాపెట్‌నే ఎక్కువ అనుమానించమని పాత మేస్త్రీలు చెప్పేది ఇందుకే. సందు ఎక్కువైతే చప్పుడు చేసి చెబుతుంది. సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోక, నిశ్శబ్దంగా మాడిపోతుంది.

ఈ పని నేర్చుకునే దారులు రెండు. ఒకటి షెడ్డు, రెండోది ఐటీఐ. మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు రెండేళ్లు, మెకానిక్ డీజిల్ ఒక ఏడాది. ఆ తరువాత 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఆర్టీసీ డిపోల్లోనో, కంపెనీల్లోనో స్టైపెండు మీద శిక్షణ. గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉండడం ఈ జిల్లా అదృష్టం. బడి మానిపించి చిన్నపిల్లల్ని షెడ్డులో పెట్టే పాత పద్ధతిని నేను సమర్థించను, చట్టమూ ఒప్పుకోదు. అలాగని షెడ్డు విద్య తక్కువదని ఒప్పుకోను. ఐటీఐ కుర్రాడికి "ఎందుకు" అన్నది తెలుస్తుంది, షెడ్డు కుర్రాడికి "ఎంత" అన్నది తెలుస్తుంది. రెండూ ఒకే చేతికి అబ్బేలా చేయగల శిక్షకులంటే నాకు గొప్ప గౌరవం.

2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ మొదలయ్యాక (ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది) ఈ విద్యకు కొత్త మోజు వచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేయగల ఫ్యాక్టరీ అది. కానీ కారు తయారుచేయడం వేరు, నడిచి అరిగిన కారును బాగుచేయడం వేరు. కొత్త ఇంజన్లు చాలావాటిలో టాపెట్ల సందు ఆయిల్ ఒత్తిడితో దానంతటదే సర్దుకుంటుంది. హెడ్డు బోల్టులను టార్క్ రెంచితో, నడిమి నుంచి అంచులకు, విడతలుగా బిగించి, చివర్లో పుస్తకం చెప్పిన డిగ్రీల మేరకు తిప్పాలి. "చేతికి తెలుస్తుందిలే" అనేవాడు ఇక్కడ ఆగి నేర్చుకోవాల్సిందే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక సెన్సర్లు పెరిగాయి, స్కానర్ లేకుండా పని నడవదు.

అయినా స్కానర్ చెప్పేది సగమే. టర్బో ఉన్న డీజిల్ బండి ఒకటి ఎత్తు ఎక్కలేక వచ్చిందనుకోండి. తెర మీద గాలి ఒత్తిడి తక్కువని కోడు పడుతుంది. తొందరపడేవాడు సెన్సరు మారుస్తాడు, లేదంటే టర్బోకే ఎసరు పెడతాడు. బాగా నేర్చినవాడు టార్చి తీసుకుని టర్బో నుంచి ఇంటర్‌కూలరుకు, అక్కడి నుంచి ఇంజన్‌కు పోయే గొట్టాల వెంట చూపు పోనిస్తాడు. ఎక్కడ గాలి బయటికి తన్నుతోందో అక్కడ ఆయిల్ తుంపర పడి, దాని మీద ఎర్రదుమ్ము అట్ట కట్టి ఉంటుంది. ముందు గుడ్డతో తుడుస్తాడు. క్లిప్పు వదులు చేసి, గొట్టం అంచును వేలితో తడిమి, చీలిక ఉందో లేదో చూస్తాడు. లేకపోతే గొట్టాన్ని గాడి దాకా తోసి, క్లిప్పు బిగించి, కోడు చెరిపేసి, బండిని మళ్లీ అదే ఎత్తు మీదికి తీసుకెళతాడు.