ప్రతినాయక బలౌచిత్యము

పాత్రధారణప్రధానములగు వీడియో గేములు కావ్యములు గావు; అయినను వానియందు నాయకుఁడును, బ్రతినాయకుఁడును, వారి సంగ్రామమును గలవు. కావున వానిని వీరరసదృష్టితోఁ బరిశీలించుట యసంగతము గాదు. ఈ క్రీడలలో నాయకుఁ డభ్యాసముచే నొక్కొక్క లెవెల్, అనఁగా నొక్కొక్క స్థాయి, యెక్కుచుండును. కొన్నిటియందు నాయకునితోఁబాటు శత్రువుల బలమును బెరుఁగును. దీనికి లెవెల్ స్కేలింగ్ అని పేరు. ఇది రసపోషకమా, రసభంజకమా యనునది విచార్యము.

2006లో బెథెస్డా గేమ్ స్టూడియోస్ వారు వెలువరించిన 'ది ఎల్డర్ స్క్రోల్స్ 4: ఆబ్లివియన్' ఇందుకుఁ బ్రసిద్ధోదాహరణము. సిరొడీల్ అను కల్పితదేశమున నాయకుఁడు క్రొత్తవాఁడై తిరుగునపుడు బాటదొంగలు తోలుకవచములతో నెదురగుదురు. అతఁ డున్నతస్థాయి కెక్కిన పిదప నట్టి దొంగలే 'గ్లాస్' అను మిక్కిలి వెలగల కవచములు దాల్చి, కొద్దిపాటి నాణెములకై దారి కాతురు. ఆ కవచము నమ్ముకొన్నచో వారికి దొంగతన మక్కఱలేదు! మఱియు నాయకుఁడు బేరమును, వాక్చాతుర్యమును దన ప్రధానవిద్యలుగా నెంచుకొని వానిచే స్థాయి నెక్కినను శత్రువుల కండబలము హెచ్చును. కావుననే స్థాయి పెంచుకొనకుండుటయే మేలని కొందఱాటగాండ్రు తలఁచిరి. అభివృద్ధియే యపకారమగుట కింతకన్న నిదర్శనమేల?

ఇందుకుఁ బూర్వపక్షము గలదు. ఆటగాఁడు స్వేచ్ఛగా నెచ్చటికైనఁ బోవచ్చునను క్రీడలో శత్రుబలము స్థిరమైనచో నొకచోట మృత్యువు, వేఱొకచోట విసుగు తప్పవు. పైఁగా దండి తన కావ్యాదర్శమున, శత్రువుయొక్క వంశమును, శౌర్యమును, విద్యను వర్ణించి యట్టివానిని జయించుటచే నాయకోత్కర్షము దెల్పుటయు హృద్యమే యని యంగీకరించెను గదా యందురు.

సత్యమే. కాని దండి చెప్పిన గుణములు శత్రువునకు సొంతములు. ఆబ్లివియన్‌లోని దొంగ బలమన్ననో నాయకుని బలమునకుఁ బ్రతిబింబము మాత్రమే. ప్రతిబింబమును గెలిచినవాని కుత్కర్ష మెక్కడిది?

వీరుఁడు దొంగలచే నోడుట యనుచితమని నేననను. మౌసలపర్వమున నర్జునుఁడు యాదవస్త్రీలను దోడ్కొని పోవుచు నాభీరులను దోపిడికాండ్రచేఁ బరాభూతుఁడయ్యెను. అచ్చట దొంగలు పెరుఁగలేదు. వీరుని బలమే తఱిగినది. గాండీవ మెక్కుపెట్టుటయే కష్టమయ్యెను, దివ్యాస్త్రములు తోఁపవయ్యెను, అమ్ములు దీఱిపోయెను. కృష్ణనిర్యాణము కారణముగా నుండుటచే నా యోటమి మనలను గలఁచును. కారణము గల బలాబలములే కథకుఁ బ్రాణము.

ఈ లోపమును ఆ సంస్థవారే కొంత సవరించుకొనిరి. 2011 నాఁటి 'స్కైరిమ్'లోఁ బెక్కు స్థలములకుఁ గనిష్ఠ గరిష్ఠస్థాయు లేర్పఱచిరి. అందలి రాక్షసకాయుని గదాఘాతమునకుఁ దొలినాఁడు నాయకుఁ డాకసమున కెగిరిపడును. పిమ్మట బలము గూర్చుకొని తిరిగివచ్చి వానినే గూల్చును. శత్రువు మాఱకుండుటచే నాయకుని మార్పు తెలియుచున్నది. కావున శత్రుబలము నాయకుని ననుసరించి కొంత మాఱినను, శత్రువు జాతికి, వృత్తికి, స్థలమునకుఁ దగిన హద్దు మీఱరాదు. ఈ హద్దునే మన యాలంకారికు లౌచిత్య మనిరి.