గిరీశం మర్యాద

గూఢచారి సినిమాల్లో హీరో తన చేతికి చిక్కగానే విలన్ అతన్ని చంపేయడు. ముందు భోజనానికి పిలుస్తాడు. 1962 నాటి 'డాక్టర్ నో'లో జేమ్స్ బాండ్ బందీగా వెళ్ళిన చోట అతనికి గది సిద్ధంగా ఉంటుంది, మార్చుకోవడానికి బట్టలు ఉంటాయి, అద్దం గోడ వెనక చేపలు తిరుగుతూ ఉంటే ఎదుట వడ్డించిన బల్ల ఉంటుంది. డాక్టర్ నో వేసిన జోసెఫ్ వైజ్‌మన్ గొంతు ఎక్కడా లేవదు. హిచ్‌కాక్ తీసిన 'నటోరియస్' (1946)లో క్లాడ్ రెయిన్స్ ఇంట్లో విందు జరుగుతూ ఉంటుంది, కింద నేలమాళిగలో వైన్ సీసాల్లో యురేనియం ఖనిజం దాగి ఉంటుంది. అదే హిచ్‌కాక్ 1959లో తీసిన 'నార్త్ బై నార్త్‌వెస్ట్'లో జేమ్స్ మేసన్ చంపించాలనుకున్నవాడితో కూడా మృదువుగానే మాట్లాడతాడు. ఈ విలన్లందరికీ ఇల్లుంది, వంటవాళ్ళున్నారు, నౌకర్లున్నారు. వాళ్ళ మర్యాద గృహస్థు మర్యాద. వచ్చినవాడు ఎంత వీరుడైనా నా పంచలో నిలబడ్డాడు అని చెప్పకుండా చెప్పడమే దాని పని.

ఇలాంటి పెద్దమనిషిని మన భాషలో చెక్కి నిలబెట్టిన పని చూడాలంటే మద్రాసు స్టూడియోలకి పోనక్కర్లేదు. విజయనగరంలో కోట దగ్గర బొంకులదిబ్బ మీద గిరీశం అనేవాడు ఒకడు నిలబడి తన బాకీల లెక్క తనే చెప్పుకుంటూ ఉంటాడు. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' అక్కడే మొదలవుతుంది. మొదటి ప్రదర్శన 1892లో, విజయనగరంలోనే, జగన్నాథ విలాసినీ సభ వేదిక మీద. అచ్చయింది 1897లో. మనమందరం చదివే, ఆడే కన్యాశుల్కం మాత్రం 1909లో ఆయన తిరగరాసి బాగా పెంచిన రెండో కూర్పు.

గిరీశానికీ గూఢచారులకీ ఏమిటి సంబంధం అంటారేమో. కథ ఒకసారి తలుచుకోండి. మగపిల్లవాడు ఆడపిల్ల వేషంలో పెళ్ళిపీటల మీద కూర్చుంటాడు. మేనకోడలిని ఆ పెళ్ళి నుంచి తప్పించడానికి నాటకాల్లో విదూషకుడు వేసే కరటకశాస్త్రి గుంటూరు శాస్తుల్లుగా మారిపోతాడు. పెళ్ళికూతురు రాత్రికి రాత్రి మాయమవుతుంది. ఒక కంటె కోసం ఊరంతా వెతుకులాట. లేని మనిషిని చంపారని ముసలి పెళ్ళికొడుకు మీద కేసు. ఆఖరికి ఒక స్త్రీ మగవేషంలో లాయరు ఇంట్లోకి చొరబడి రహస్యం బయటపెడుతుంది. దొంగ పేర్లు, మారువేషాలు, అందరూ వెతికే ఒక వస్తువు: 1966లో కృష్ణ 'గూఢచారి 116' వచ్చేదాకా తెలుగులో గూఢచారి కథ లేదనడం తొందరపాటే.

గురజాడ పనితనం నాకు ముందుగా కనబడేది గిరీశానికి ఇల్లు లేకుండా చేయడంలో. డాక్టర్ నో ఆతిథ్యం ఇస్తాడు, గిరీశం పుచ్చుకుంటాడు. పూటకూళ్ళమ్మ ఇంట్లో తింటాడు, వేశ్య మధురవాణి ఇంట్లో కాలక్షేపం చేస్తాడు, సెలవుల్లో శిష్యుడు వెంకటేశం వెంట కృష్ణరాయపురం అగ్రహారంలో దిగుతాడు, చివరికి విశాఖపట్నంలో లాయరు సౌజన్యారావు పంతులు గడప ఎక్కుతాడు. నాటకం పొడుగునా అతను అతిథే. ఇంటాయన మర్యాదకి భయపడవచ్చు, లేచి వెళ్ళిపోనూవచ్చు. అతిథి మర్యాదకి తిరుగు లేదు, కాస్త గట్టిగా మాట్లాడితే తప్పు మనదవుతుంది. మన అగ్రహారాల్లో, మన ఇళ్ళల్లో ఈ రెండోవాడే ఎక్కువ ప్రమాదకారి అని గురజాడ కనిపెట్టాడు. అందుకే అతని విలన్‌కి కోటలు అక్కర్లేదు, వీధి అరుగు చాలు.

దగ్గరగా చూడవలసిన రంగం అగ్రహారంలోది. పరీక్ష తప్పిన వెంకటేశం ఇంటికి పోవడానికి భయపడుతూ ఉంటే, గిరీశం పాఠాలు చెప్పే మిషతో వెంట వచ్చాడు. వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధాన్లు కోపిష్ఠి, ముందు ఈ కొత్తమనిషిని చూసి చిరాకుపడతాడు. కొడుకు ఇంగ్లీషు వినాలని తల్లి వెంకమ్మకి సరదా. గురుశిష్యులిద్దరూ మొదలుపెడతారు. ఒకరు పసిపిల్లల నక్షత్రాల పద్యం ఎత్తుకుంటే, మరొకరు వాచకంలో గుడారం గురించి ఉన్న వాక్యం అప్పజెబుతారు. ఒక మాటకీ ఇంకో మాటకీ పొత్తు లేదు. వింటున్న తల్లికి మాత్రం కొడుకు దొరలతో సమానంగా కనిపిస్తాడు. ఇందులో పొల్లుమాట ఒక్కటి లేదు. ఆ పద్యం తెలిసిన ప్రేక్షకుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాడు, తెలియనివాడు వెంకమ్మతోపాటు మురిసిపోతాడు. రెండు రకాల ప్రేక్షకులకీ ఒకే సంభాషణతో రెండు నాటకాలు చూపించాడు గురజాడ.

ఈ రంగం తలుచుకున్నప్పుడల్లా నాకు 2009లో వచ్చిన 'ఇన్‌గ్లోరియస్ బాస్టర్డ్స్' మొదటి రంగం గుర్తొస్తుంది. క్రిస్టోఫ్ వాల్ట్జ్ వేసిన నాజీ అధికారి హాన్స్ లాండా ఒక రైతు ఇంటికి అతిథిగా వస్తాడు. పాలు అడిగి తాగుతాడు, పాలు బాగున్నాయని మెచ్చుకుంటాడు, అనుమతి అడిగి మరీ ఫ్రెంచి మానేసి ఇంగ్లీషులోకి మారతాడు. నేల చెక్కల కింద దాక్కున్న యూదు కుటుంబానికి ఇంగ్లీషు రాదు. భాష మార్చడమనే మర్యాదతోనే వాళ్ళ ప్రాణం తీస్తాడు. అక్కడ ఉన్న అర్థం కింద ఉన్నవాళ్ళకి అందకూడదని ఇంగ్లీషు. కృష్ణరాయపురంలో అసలు అర్థమే లేదని ఎదురుగా ఉన్నవాళ్ళకి తెలియకూడదని ఇంగ్లీషు. ఒకటి నెత్తురు, రెండోది నవ్వు. పనిముట్టు మాత్రం ఒకటే, మనది నూరేళ్ళు పాతది.

అగ్నిహోత్రావధాన్లుని లొంగదీసుకునే పద్ధతి వేరు. ఆయనకి కొడుకు చదువు కాదు ముఖ్యం, వ్యాజ్యాలు. కోర్టు కాగితాలు ఇంగ్లీషులో ఉంటే చదివిపెట్టే మనిషి ఇంట్లో ఉండడం ఆయనకి మహాభాగ్యం. గిరీశం ఆ కాగితాల మీద శ్రద్ధ చూపిస్తాడు, అంతే. పొగడ్తకి లొంగనివాడు కూడా తన దావా విని తలాడించేవాడికి లొంగిపోతాడు. (లాయర్ల వరండాల్లో కాసేపు కూర్చున్నవాళ్ళెవరైనా ఒప్పుకుంటారు.) ఇక ఆయన కూతురు, వితంతువైన బుచ్చమ్మ దగ్గర సంఘసంస్కరణ, సౌజన్యారావు దగ్గర నడవడి. మనిషికో మర్యాద కొలిచి ఇస్తాడు.

అతని మర్యాదలో విషం ఎంతుందో పూర్తిగా తెలిసేది పెదతల్లి పినతల్లి వరసల్లో అన్నయిన ముసలి పెళ్ళికొడుకు లుబ్ధావధాన్లకి రాసిన ఉత్తరంలో. తమ్ముడి వినయం ఎక్కడా తప్పదు. అన్నగారి పెళ్ళికి సంతోషం. ఆ సంతోషంలోనే, ఆడపెళ్ళివారు ఎంత ఆర్భాటంగా తరలి రాబోతున్నారో, ఏనుగులతో సహా, వర్ణన. లుబ్ధుడికి ఆ మాట చాలు. పెళ్ళి వద్దు అని ఒక్క అక్షరం రాయకుండా పెళ్ళి చెడగొట్టే ఉత్తరం అది. బెదిరింపు ఉత్తరాలు రాసే సినిమా విలన్లు దాన్ని కంఠస్థం చేయాలి.

మరి అతనికి లొంగనివాళ్ళు ఎవరు? ఇక్కడే గురజాడ ఆలోచన పదునుగా కనిపిస్తుంది. పూటకూళ్ళమ్మ లొంగదు. సరుకులు తెమ్మని ఇచ్చిన డబ్బు ఏమైందో ఆమెకి తెలుసు. చీపురుకట్ట పట్టుకుని మధురవాణి ఇంటికే వస్తుంది. అప్పటికే మంచం కింద, మధురవాణి కోసం వచ్చిన రామప్పపంతులు దాక్కున్నాడు, గిరీశం కూడా అక్కడే దూరతాడు. దెబ్బలు పంతులుకి, పలాయనం గిరీశానికి. మర్యాద పని చేయాలంటే ఎదుటివాడికి ఏదో ఒక కోరిక ఉండాలి: కొడుకు ఇంగ్లీషో, దావా గెలుపో, సంస్కర్త అనే పేరో. డబ్బు లెక్క మాత్రమే అడిగే మనిషి ముందు ఆ సరుకు చెల్లదు. అలా లెక్క అడిగేవాళ్ళుగా అన్నం అమ్ముకునే ఆవిడనీ, ఫొటో బాకీకి వచ్చిన నౌకరునీ, ఒక వేశ్యనీ పెట్టి, మోసపోయేవాళ్ళుగా వేదం చదివినవాళ్ళనీ లా చదివినవాళ్ళనీ పెట్టడం యాదృచ్ఛికం కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇంత మర్యాదస్తుడైన గిరీశం ఆ నాటకంలో అతిపెద్ద దుర్మార్గుడు కాడు. కూతుర్ని ముసలివాడికి అమ్మే తండ్రి మర్యాదస్తుడు కాడు, అరిచేవాడు. ఆ అమ్మకం ఊహ కాదు. విజయనగరం ఆనందగజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన ఇలాంటి పెళ్ళిళ్ళ పట్టిక వేయించితే 1034 తేలాయని మొదటి కూర్పు పీఠికలో గురజాడే రాశాడు. గిరీశం మాటల మెరుపు మన చూపుని ఆ లెక్క మీద నుంచి పక్కకి లాగుతూ ఉంటుంది. నవ్వుకుని ఇంటికి వచ్చాక లెక్క గుర్తొస్తుంది.

వేదిక మీద ఈ పాత్రని బతికించినవాళ్ళలో శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టిన అన్నదమ్ములు ముందుంటారు. జె.వి. రమణమూర్తి దశాబ్దాల పాటు గిరీశం వేశాడు. అన్న సోమయాజులు రామప్పపంతులు. 'శంకరాభరణం' (1980) చూసి ఆయన్ని శంకరశాస్త్రిగా మాత్రమే ఎరిగినవాళ్ళకి ఇది వింతే. 1955లో పి. పుల్లయ్య తీసిన సినిమాలో గిరీశం ఎన్.టి. రామారావు, రామప్పపంతులు సి.ఎస్.ఆర్. ఆంజనేయులు. నా ఓటు సి.ఎస్.ఆర్‌కి. రామారావు అందం పాత్రకి అడ్డం వస్తుంది, చూడగానే క్షమించేస్తాం. సి.ఎస్.ఆర్ గొంతులో మాత్రం తేనె ఎంత, జిగురు ఎంత అన్నది చివరిదాకా తెలియదు. రెండేళ్ళ తర్వాత 'మాయాబజార్'లో శకుని ఆయనకే వెళ్ళడంలో ఆశ్చర్యం లేదు.

మర్యాదగా మాట్లాడే విలన్లు తెలుగు తెరమీద తర్వాతా వచ్చారు. విజయనగరంలో పుట్టిన గొల్లపూడి మారుతీరావు 1982లో 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య'తో తెరమీదికి వచ్చి, కత్తీ తుపాకీ లేకుండా నవ్వుతూ మాట్లాడి ఒళ్ళు మండించాడు. 'ముత్యాల ముగ్గు' (1975)లో రావు గోపాలరావు కాంట్రాక్టరు సూర్యోదయం చూసి పరవశిస్తూనే హత్యలు పురమాయిస్తాడు. ఆయన గోదావరి మనిషి, ఆ యాస వేరు. 2018 'గూఢచారి'లో జగపతిబాబు తెల్లజుట్టు, మెల్లని మాట పెట్టుకుని కొత్త తరానికి ఈ తరహా పరిచయం చేశాడు. కానీ వీళ్ళెవరూ అతిథులు కారు. అందరికీ బంగళాలో, డెన్‌లో, మనుషులో ఉన్నారు.

గిరీశాన్ని ఓడించేదెవరు? అతని కంటే మర్యాద తెలిసిన మనిషి. భోగంవాళ్ళ మొహం చూడనని పట్టుపట్టిన సౌజన్యారావు ఇంటికి మధురవాణి మగవేషంలో వెళ్ళి, లుబ్ధావధాన్లని కేసులోంచి తప్పించే రహస్యం చెబుతుంది. దానికి బదులు ముద్దు అడుగుతుంది, తీరా ఆయన మాట మీద నిలబడి సిద్ధపడితే తనే వదిలేస్తుంది. ఆయన చేతి నుంచి భగవద్గీత తీసుకుని వెళుతుంది. ఆ మాటల్లోనే గిరీశం పాత జీవితం కూడా బయటపెడుతుంది. ఈ రంగంలో ఆమె మాటకి మాట ఎలా కలుపుతుందో, సౌజన్యారావు ఎక్కడ తడబడతాడో గమనిస్తే, నాటకమంతా మర్యాదని ఆయుధంగా వాడినవాడి ఎదుట అదే మర్యాదని న్యాయానికి వాడిన మనిషిని నిలబెట్టారని అర్థమవుతుంది. 1897 కూర్పులో ఆమెకి ఇంత చోటు లేదు. పన్నెండేళ్ళు ఆలోచించి గురజాడ ఆ లోటు పూడ్చాడు.

శిక్ష కూడా చూడండి. బాండ్ విలన్‌ని ముంచేస్తారు, పేల్చేస్తారు. డాక్టర్ నో అణు కొలనులో మునిగిపోయాడు. గిరీశానికి పడ్డ శిక్ష: వెళ్ళి బుద్ధిగా బి.ఏ. చదువుకోమనడం. బుచ్చమ్మ పూనా శరణాలయానికి. ఆ క్షణంలో అతని నోటి వెంట వచ్చే ఒక్క వాక్యం, కథ తన చేతుల్లోంచి జారిపోయిందన్న విసుగు, తెలుగునాట అందరికీ వచ్చు. పశ్చాత్తాపం లేదు. ఇంతసేపూ అతన్ని చూసి నవ్విన మనకి అతన్ని చంపించే హక్కు లేదని రచయిత నిర్ణయం, నాకైతే సరైన నిర్ణయం.

విశాఖ బీచి పక్కన కార్లు పేల్చే గూఢచారి కథలు రాసుకుంటున్న కొత్త రచయితలకి ఒక మనవి. విలన్ ఇంట్లో చేపల తొట్టె పెట్టే ముందు 1909 కన్యాశుల్కం రెండో అంకం ఒకసారి చదవండి. అక్కడ విలన్ చేతిలో ఏమీ లేదు, ఒక కుర్రాడి వాచకం తప్ప.