‘నిరుద్యోగి’ ఎవరు? – శ్రామిక పరిశోధనలో ఒక పదం, ఒక లెక్క

హైదరాబాదు తూర్పున ఎల్బీనగర్ కూడలి ప్రాంతంలో తాపీ, సెంట్రింగ్, మట్టి పనులవారు ఉదయాన్నే పని కోసం కూలి అడ్డా మీద నిలబడతారు. అక్కడికి మూడో మెట్రో స్టేషనైన దిల్‌సుఖ్‌నగర్ పరిసరాల్లోని హాస్టళ్లలో యువతీయువకులు పోటీ పరీక్షలకు సిద్ధమవుతుంటారు. వీరిలో నిరుద్యోగులెవరు? పేదరికం, అసమానతలపై పరిశోధించేవారు నిరుద్యోగ రేటును ఉటంకించే ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి.

2017లో మొదలైన ఆవర్తన శ్రామికశక్తి సర్వేలో ‘ప్రస్తుత వారపు స్థితి’ ఒక కొలమానం. 2025 నుంచి వెలువడుతున్న నెలవారీ నివేదికలకూ ఇదే ఆధారం. దీని ప్రకారం సర్వేకు ముందటి ఏడు రోజుల్లో ఏ ఒక్కరోజైనా కనీసం ఒక గంట పనిచేసినవారు ఉపాధి ఉన్నవారే. ఆరు రోజులు అడ్డా నుంచి ఉత్తచేతులతో తిరిగి వెళ్లి, ఏడోరోజు ఒక పూట పని దొరికిన కూలీ ఈ లెక్కలో నిరుద్యోగి కాదు. పని వెతకకుండా, అప్పటికి పనికి అందుబాటులో లేకుండా చదువుకే పరిమితమైన అభ్యర్థి శ్రామికశక్తిలోనే చేరరు. కాబట్టి ఇద్దరూ నిరుద్యోగ రేటులో కనిపించరు.

తెలుగు వాడుక ఈ చిక్కును మరింత పెంచింది. ‘ఉద్యోగం’ అంటే నెలజీతపు కొలువనే అర్థం మనలో స్థిరపడింది. అందువల్ల హాస్టల్‌లోని అభ్యర్థి తనను నిరుద్యోగిగా చెప్పుకుంటారు. అడ్డా కూలీ మాత్రం ‘ఇవాళ పని దొరకలేదు’ అని ఊరుకుంటారు. గణాంకం పక్కన పెట్టిన అభ్యర్థికి వాడుకలో ఒక పేరైనా ఉంది. కూలీ పోగొట్టుకున్న పూటలకు అదీ లేదు. ప్రశ్నావళిలో ‘మీరు నిరుద్యోగులా?’ అని అడిగితే వచ్చే సమాధానాన్ని ఈ దృష్టితోనే పరిశీలించాలి.

ఇది కొత్త సమస్య కాదు. స్వయం ఉపాధి, కుటుంబ శ్రమ ప్రధానమైన మన ఆర్థిక వ్యవస్థకు అభివృద్ధి చెందిన దేశాల భావనలు యథాతథంగా సరిపోవని, ఒకే అంకె చాలదని ఎం.ఎల్. దంత్వాలా అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం 1970లోనే స్పష్టం చేసింది. 1972–73 జాతీయ నమూనా సర్వే నుంచి రోజును పూటలుగా లెక్కించే ‘ప్రస్తుత దినస్థితి’ కూడా అమల్లోకి వచ్చింది. ఒక గంట నియమం అంతర్జాతీయ పోలికకు ఉపయోగపడుతుందన్నది కాదనలేం. దాన్ని జీవనభద్రతకు కొలమానంగా చదవడమే పొరపాటు.

ఈ చర్చ కేవలం పారిభాషికం కాదు. భవన, ఇతర నిర్మాణ కార్మికులు లబ్ధిదారులుగా నమోదు కావాలంటే చట్టం ప్రకారం గడచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు పనిచేసి ఉండాలి. రోజుకొక యజమాని దగ్గర పనిచేసే కూలీకి ఆ దినాలను నిరూపించుకోవడం సులభం కాదు. ఒక గంట పనితో ఉపాధి ఉన్నట్లు సర్వే తేలుస్తుంది. 90 రోజులు చూపమని చట్టం అడుగుతుంది. ఈ రెండింటి మధ్యనున్న ఖాళీ దినాలే పరిశోధకులు నమోదు చేయవలసినవి.

అందుకు అడ్డా భాషలోనే అడగాలి: ఈ వారం ఎన్ని పూటలు పని దొరికింది? ఎన్ని పూటలు నిలబడి తిరిగి వెళ్లారు?