నాలుగడుగుల మట్టిలో దేవగన్నేరు

మైలాపూరు కపాలీశ్వరాలయంలో స్థలవృక్షం పొన్న. ఏడో శతాబ్దంలో జ్ఞానసంబంధర్ ఈ ఊరిమీద పాడిన పదికంలోనే పొన్న ప్రస్తావన ఉంది. అది నిండుగా ఎదగాలంటే గుడి ఆవరణంత జాగా కావాలి. పెద్ద చెట్ల నీడన నడవాలనుకునేవారికి లజ్‌లో పార్కు ఉంది. అమృతాంజనం స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు పేరే దానికి పెట్టారు. మరి గేటుకూ గోడకూ మధ్య నాలుగడుగుల మట్టే మిగిలిన ఇంటికో? దేవగన్నేరు.

దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. చెన్నై ఎండకూ సముద్రపు ఉప్పుగాలికీ మాత్రం చక్కగా తట్టుకుంటుంది.

ఏడాది పొడుగునా పూసే చెట్టు కావాలని నర్సరీల్లో అడుగుతుంటారు. పూలు లేని నెలల్లో చెట్టు ఎలా ఉంటుందని అడగడం అంతకంటే అవసరం. వేసవిలో దేవగన్నేరుకు ఆకులూ పూలూ నిండుగా ఉంటాయి. చీకటి పడ్డాక పరిమళం పెరుగుతుంది. దానికి చిమ్మటలు తేనె ఆశతో వస్తాయి. పూలలో తేనె చుక్కయినా ఉండదు, ఆ వెతుకులాటలో పుప్పొడి మాత్రం పువ్వు నుంచి పువ్వుకు చేరుతుంది. ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గి, సభల్లో మార్గళి కచేరీలు సాగే రోజులకు ఆకు రాలుతుంది. అసలు అందం అప్పుడే బయటపడుతుంది. పూలగుత్తి వేసిన కొన ఆ తర్వాత రెండు మూడు కొమ్మలుగా చీలుతుంది కాబట్టి, చెట్టు ఎన్నిసార్లు పూసిందో ఆ బూడిదరంగు పంగల్లోనే తెలుస్తుంది.

ఆ బోసికొమ్మల్ని చూసి చెట్టు ఎండిపోతోందని బిందెలకొద్దీ నీళ్లు పోస్తారు కొందరు. దేవగన్నేరుకు అంతకు మించిన అపకారం లేదు. ఆకు లేనప్పుడు దానికి నీరు పెద్దగా అక్కర్లేదు. వేళ్ల దగ్గర తడి నిలిస్తే కుళ్లుతుంది. వానాకాలంలో ఆకుల అడుగున నారింజరంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. ఆ ఆకులు ఏరి పారేయాలి, కొమ్మల మధ్య గాలి ఆడనివ్వాలి.

2016 డిసెంబరు 12న వర్దా తుపాను నగరంలో వేలాది చెట్లను కూల్చింది. గోడ పక్కన పొట్టి చెట్టును ఎంచుకోవడానికి ఆ రోజు చాలు.

మొక్క కొననక్కర్లేదు. చలికాలం చివర, చిగురు రాకముందు, తెలిసినవాళ్ల చెట్టునుంచి మూరెడు కొమ్మ అడిగి తెచ్చుకోండి. కోసినచోట పాలు ఆరేదాకా వారంపాటు నీడలో ఉంచి, ఇసుక కలిపిన మట్టిలో నాటండి. ఆ పాలు కళ్లకు తగలనివ్వకండి.