పిప్పి మంటకు తిరిగే చక్రం

నర్సీపట్నం చుట్టుపక్కల చెరకు ఆడే రోజుల్లో బెల్లం గానుగ దగ్గరికి వెళితే కంటికి ముందు ఆనేది ఆవిరి. పెద్ద పెనంలో రసం తెర్లుతుంటుంది. ఒకరు మడ్డి తీస్తుంటే, ఇంకొకరు పొయ్యిలోకి ఎండు పిప్పి ఎగదోస్తుంటారు. చెరకు తన రసాన్ని తన పిప్పితోనే కాచుకుంటుంది. బయటి నుంచి పుల్ల కూడా తేనక్కర్లేదు. ఈ పొందికే ఒక అందం. కానీ అంత మంటా తాగి లేచిన ఆవిరి ఏ పనీ చేయకుండా గాలిలో కలిసిపోతుంది. ఆవిరి యంత్రం మీద నా ప్రేమ అక్కడే పుట్టింది.

తెరిచిన పెనం మీది ఆవిరికి బలం ఉండదు. మూసిన బాయిలర్లో దాని స్వభావమే వేరు. లీటరు నీరు ఆవిరైతే మామూలు పీడనంలో సుమారు 1,600 లీటర్ల చోటు అడుగుతుంది. ఆ చోటు ఇవ్వకపోతే తోస్తుంది. ఆ తోపుడే శక్తి. పైగా అసలైన ఆవిరి కంటికి కనిపించదు. మనం చూసే తెల్లటి మబ్బు చల్లారిన నీటి తుంపరలే. ఇనుప చక్రాన్ని తిప్పుతున్న బలం గాజంత స్వచ్ఛంగా, రంగూ రూపూ లేకుండా ఉంటుందన్న సంగతి నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

చిన్న ఇంజను ముందు కూర్చుని పిస్టన్‌ను చూడండి. ఆవిరి ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి నెడుతుంది. పిస్టన్ కొసకు చేరిన క్షణంలో రాడ్డు, క్రాంకు ఒకే గీతలోకి వస్తాయి. దాన్ని డెడ్ సెంటర్ అంటారు. అక్కడ ఎంత ఆవిరి తోసినా చక్రం కదలదు. అప్పుడు ఫ్లైవీల్ తనలో దాచుకున్న వేగంతో ఆ గండం దాటిస్తుంది. బలం లేని ఆ చోటును బరువు దాటించడం, ప్రతి చుట్టులో రెండుసార్లు, అలుపు లేకుండా! ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా రసవంతమైన ఘట్టం ఇదే.

వాల్వు ఇంకా గడుసుది. సిలిండర్ నిండా ఆవిరి పోయదు. పిస్టన్ కొంత నడిచాక దారి మూసేస్తుంది. మిగతా దూరం లోపల చిక్కిన ఆవిరే, ఒక్క ఊపు ఊపి వదిలిన ఉయ్యాలలా, వ్యాకోచిస్తూ సాగిపోతుంది. ఈ పొదుపుకు జేమ్స్ వాట్ 1782లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన ఇంజన్లకు 1788లో అమర్చిన గవర్నర్ కూడా కళ్లారా చూడవలసిందే. వేగం పెరిగితే రెండు గుండ్లు విచ్చుకుని ఆవిరిని తగ్గిస్తాయి, మందగిస్తే ముడుచుకుని పెంచుతాయి. బెల్టుతో డైనమో తిప్పి ఇంట్లో దీపం వెలిగిస్తే, ఆ వెలుగు అదరకుండా కాపాడేది ఆ గుండ్ల ఆటే. డీజిల్ ఇంజను తన పనంతా ఇనుప గోడల వెనక దాచుకుంటుంది. ఆవిరి యంత్రం చాలావరకు తన ఆలోచనను బయటపెట్టి చూపిస్తుంది.

ఇక కరెంటు లెక్క. ఇంత చిన్న ఇంజను మంటలోని వేడిలో 5 శాతం పనిగా మార్చినా మెచ్చుకోవాలి. కిలో ఎండు కట్టెలో దాదాపు 4 యూనిట్ల వేడి ఉంటుంది, అంటే ఒక్క యూనిట్ కరెంటుకు కనీసం 5 కిలోల కట్టె కాలాలి. కేవలం దీపాలకైతే ఇది దండగే. కానీ మిగిలిన వేడిలో ఎక్కువ భాగం ఎక్కడికీ పోదు, ఇంజను విడిచిన ఆవిరిలోనే ఉంటుంది. చక్కెర మిల్లు పట్టుకున్న రహస్యం ఇదే. పిప్పి మండించి ఎక్కువ పీడనంలో ఆవిరి తీస్తారు. దానితో ముందు యంత్రాలు తిప్పి, అది విడిచిన ఆవిరితో రసం మరిగిస్తారు. ఒకే ఆవిరికి రెండు కొలువులు. 1933లో పుట్టిన ఏటికొప్పాక సహకార చక్కెర మిల్లు, తాండవ, గోవాడ మిల్లులు ఈ సీమకు నేర్పిన విద్య అది. ఏటికొప్పాక, తాండవల్లో క్రషింగ్ ఆగిపోవడం చెరకు రైతుకు ఎంత దెబ్బో, ఈ విద్యకూ అంత దెబ్బ.

అందుకే నా మాట ఇది. ఒంటరి ఇంటికి కరెంటు కోసమని ఆవిరి ఇంజను పెట్టుకోమని చెప్పను. బెల్లం వండే చోట మాత్రం ఇది తగిన యంత్రం. పిప్పి ఉంది, రసం కాచాల్సిన అవసరం ఉంది, రాత్రి పనికి దీపాలూ కావాలి. బాయిలర్ విషయంలో సాహసాలు చేయవద్దు, పేలితే ప్రాణాలు తీస్తుంది. 1923లోనే బ్రిటిష్ ఇండియా అంతటికీ బాయిలర్ల చట్టం చేసింది అందుకే. ఇంజనీరింగ్ విద్యార్థులారా, తనిఖీ చేయించిన బాయిలరుతో ఒక్క గానుగ దగ్గరైనా ఈ జంట పని చేసి చూపించండి. మూతపడిన మిల్లుల్లో పాత ఆవిరి యంత్రం ఏదైనా మిగిలి ఉంటే, తుక్కు కింద తూకం వేసే ముందు దాన్ని ఒక్కసారి తిప్పి చూపించండి.